షాపులో వాయించి చూస్తారు, ఆన్‌లైన్‌లో కొంటారు: 88 కీస్ పియానో డిస్‌ప్లేలో పెట్టాలా వద్దా?

విభాగం: వాయిద్యాల వ్యాపారం (వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు)

నల్లకీ_తెల్లకీ (హనుమకొండ)

అందరికీ నమస్కారం. హనుమకొండలో మాది చిన్న వాయిద్యాల దుకాణం. నాన్న గల్లా మీద కూర్చున్నప్పుడు హార్మోనియం, తబలా, డోలక్, తాళాలు, అంతే. నేను వచ్చాక కీబోర్డులు, గిటార్లు, ఆక్టోప్యాడ్‌లు (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్‌లు) పెట్టాను. ఇప్పుడు సంగతి ఏంటంటే, డిస్ట్రిబ్యూటర్ మనిషి (రెప్పు) వచ్చి 88 కీస్ వెయిటెడ్ (అసలు పియానోలా కీస్ బరువుగా దిగే) డిజిటల్ పియానోలు రెండు తీసుకోమంటున్నాడు. తీసుకుంటే 61 కీస్ కీబోర్డుల మీద పై స్లాబు (ఎక్కువ డిస్కౌంట్ మెట్టు) వస్తుందట. ఒకటి డిస్‌ప్లేలో, ఒకటి బాక్సులో.

ఇంతకుముందు ఒకటి పెట్టి చూశాను. అమ్మానాన్న, పిల్ల ముగ్గురూ వస్తారు. పిల్ల కూర్చుని హాయిగా అరగంట వాయిస్తుంది. తండ్రి వెనక్కి వంగి మోడల్ నంబర్ స్టిక్కర్ ఫోటో తీసుకుంటాడు. "సాయంత్రం వస్తాం అన్నా" అంటారు. ఆ సాయంత్రం ఇంతవరకు రాలేదు. పోనీ వాళ్లు చూపించే ఆన్‌లైన్ ధరకే ఇద్దామంటే అది నా కొనుగోలు రేటు కంటే కింద ఉంటుంది. ఆ ధరకు వాళ్లు ఎట్లా అమ్ముతున్నారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

దీనికి తోడు కంపెనీ వాళ్లు ఎంఓపీ (ఇంతకు తగ్గకుండా అమ్మాలని వాళ్లు పెట్టే ధర) కంటే తక్కువకు అమ్మొద్దంటారు. అమ్మితే సప్లై ఆపుతామన్నట్టు మాట్లాడతారు. ఆన్‌లైన్ వాడికి ఆ రూల్ లేదా? ఇక పియానో నేర్పే టీచర్లకు కమిషన్ ఇవ్వందే గిరాకీ రాదని కొందరు అంటున్నారు. మీ మీ ఊళ్లలో ఎలా ఉందో చెప్పండి. రెండు పీసులంటే నాకు చిన్న డబ్బు కాదు.

మానేరు_తీరం (కరీంనగర్)

తమ్ముడూ, తీసుకోకు. మొదట అదే చెప్పేస్తున్నా, తర్వాత కారణం చెప్తా.

ఆన్‌లైన్ ధర ఎట్లా పడుతుందని అడిగావు కదా. లెక్క కోసం డీపీ (డీలర్‌కు పడే ధర) 40,000 అనుకో. నీకూ నాకూ బిల్లు అదే రేటుకు వస్తుంది. హైదరాబాద్‌లో పెద్ద పార్టీకి కూడా బిల్లు 40,000కే వస్తుంది. తేడా బిల్లులో ఉండదు, తర్వాత వచ్చే క్రెడిట్ నోట్లలో (కంపెనీ మన ఖాతాలో తగ్గించే మొత్తాల్లో) ఉంటుంది. క్వార్టర్ టార్గెట్ కొడితే ఇంత, సంవత్సరం టార్గెట్ కొడితే ఇంకొంత, ముందే పేమెంట్ పెడితే క్యాష్ డిస్కౌంట్. అన్నీ కలిపి 9 శాతం అనుకుంటే ఆయన అసలు ధర 36,400. మార్చి నెలాఖరుకు టార్గెట్‌కు పది పీసులు తక్కువ పడితే, ఆ పది పీసులను 37,000కైనా వదిలేస్తాడు. పోర్టల్ కమిషన్ పోతే ఆ పీసు మీద నష్టమే, అయినా వదులుతాడు. ఎందుకంటే ఆ పది వెళ్తేనే ఏడాది మొత్తం సరుకు మీద స్లాబు దక్కుతుంది. నువ్వు చూస్తున్న ధర ఆ పది పీసులది. దాంతో నువ్వు పోటీ పడలేవు.

ఇప్పుడు నీకు రెండు పియానోలు అంటగట్టేదీ ఇదే లెక్కలో. ఆ రెప్పుకు కూడా టార్గెట్ ఉంటుంది. పై స్లాబు ఆశ చూపించి ఆయన టార్గెట్ నీ నెత్తిన పెడుతున్నాడు. ఆ స్లాబు కాగితం మీద రాసిచ్చాడా, నోటిమాటా? ముందు అది అడుగు. మాకు నోటిమాట స్కీమ్‌లు చాలా వచ్చాయి. క్రెడిట్ నోట్ అడిగితే "ఆ రెప్పు మారిపోయాడు సార్" అంటారు.

గోదావరిఖని_బాస్ (గోదావరిఖని)

మానేరు అన్న చెప్పింది వంద శాతం కరెక్ట్.

మా దగ్గర వెయిటెడ్ పియానో అడిగేవాళ్లు ఏడాదికి ఒకళ్లో ఇద్దరో. మా గిరాకీ అంతా బ్యాండ్ వాళ్లు, ఫోక్ పాటల స్టూడియోల పిల్లలు. వాళ్లకు కావాల్సింది టోన్లు, రిథమ్‌లు. ఆక్టోప్యాడ్ ఒకటి, రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 కీబోర్డు లాంటిది ఒకటి ఉంటే యూట్యూబ్ పాట అయిపోతుంది. సింగరేణి లాభాల వాటా దసరా ముందు పడిందంటే మాకు నెల రోజులు తిండి తినే టైమ్ కూడా ఉండదు. పడటం ఆలస్యమైతే దీపావళి దాకా ఈగలు తోలుకోవడమే. మా ఏడాది వ్యాపారం ఆ ఒక్క తారీఖు మీద ఉంటుంది.

ఈఎంఐ మెషీన్ పెట్టుకో అన్నా. నో కాస్ట్ ఈఎంఐ అని రాసినా ఆ వడ్డీ మన మార్జిన్‌లోంచే కట్ అవుతుంది, అది చూసుకొని రేటు చెప్పు.

పక్కా_కొనేవాడు (వరంగల్)

నేను వ్యాపారిని కాదు, కొనేవాణ్ని. మీరంతా ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి చెప్తున్నా. పోయినేడాది మా అబ్బాయి కోసం పియానో షాపులో చూసి ఆన్‌లైన్‌లో కొన్నది నేనే. నాలుగు వేలు తేడా వచ్చింది. ఎందుకు కొన్నానో వినండి. షాపాయన మొదట బిల్లు లేకుండా ఒక రేటు, బిల్లుతో ఒక రేటు చెప్పాడు. స్టాండు వేరే, స్టూలు వేరే, పెడల్ వేరే. వారంటీ సంగతి అడిగితే "ఏమైనా అయితే తీసుకురండి, చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" వినగానే నాకు నమ్మకం పోయింది. చీర కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగినా ఎవరూ తప్పనరు, పియానోకు తిరిగితే మాత్రం మోసగాణ్ని అయిపోతానా?

నల్లకీ_తెల్లకీ (హనుమకొండ)

సార్, మోసం అని నేను అనలేదు. చూసి వెళ్లడం మీ హక్కు. కానీ ఆ డిస్‌ప్లే పీసు మీద నా డబ్బు ఉంటుంది, వంద మంది చేతులు పడ్డాక అది కొత్త పీసు రేటుకు పోదు. చివరికి పది, పదిహేను శాతం తగ్గించి ఇస్తే గానీ కదలదు. బిల్లు విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటా. మా లైన్‌లో ఆ అలవాటు ఉంది.

బిల్లుపుస్తకం (వరంగల్)

నేను కొన్ని షాపులకు లెక్కలు రాస్తాను. ఆ రెండు రేట్ల పద్ధతి గురించి, ఎంఓపీ గురించి నాకు తెలిసింది చెప్తాను. కొంచెం పెద్దగానే ఉంటుంది, టీ పెట్టుకొని చదవండి.

వాయిద్యాల మీద జీఎస్టీ మొదట్లో 28 శాతం. 2017 నవంబర్‌లో కౌన్సిల్ సమావేశంలో 18కి తగ్గించారు. కీబోర్డు, డిజిటల్ పియానో ఈ 18లోకే వస్తాయి. మన చిన్న షాపుల్లో చాలామంది కాంపోజిషన్‌లో (టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే జీఎస్టీ స్కీమ్‌లో) ఉంటారు, టర్నోవర్ కోటిన్నర లోపు అయితే ఆ అవకాశం ఉంది. ఒక శాతం కట్టేస్తే సరిపోతుందని సంబరపడతారు. కానీ కొన్నప్పుడు కట్టిన 18 శాతానికి క్రెడిట్ (కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) రాదు, అది నేరుగా మీ ఖరీదులో కలిసిపోతుంది. బిల్లు మీద పన్ను వేరుగా చూపించకూడదు. వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. జీఎస్టీ నంబర్ ఉన్న స్టూడియో వాడు మీ దగ్గర కొంటే అతనికీ క్రెడిట్ రాదు, అందుకే అతను హైదరాబాద్ పోతాడు. తాళాలు, డోలక్‌లు అమ్మే షాపుకు కాంపోజిషన్ బాగానే ఉంటుంది. నలభై వేల వస్తువులు అమ్మాలంటే రెగ్యులర్ జీఎస్టీకి మారడమే మేలు. ఆన్‌లైన్ ధరకూ మీ ధరకూ తేడాలో కొంత భాగం ఇక్కడే ఉంది, ఎవరూ లెక్క వేసుకోరు.

ఇక కొనేవాడుగారు చెప్పిన బిల్లు సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద అచ్చు వేయించుకుంటారు చూడండి, లోపం ఉన్న వస్తువు విషయంలో అది చెల్లదు. వాపసుకు బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. ఆ లైను తీయించి కొత్త బిల్లుబుక్కులు వేయించుకోండి, ప్రింటింగ్ ప్రెస్ వాడు పాత ఫార్మాట్ చూసి మళ్లీ అదే అచ్చు వేస్తాడు, దగ్గరుండి చూసుకోండి.

ఎంఓపీ. ఎమ్మార్పీ కంటే ఎక్కువకు అమ్మకూడదు, తక్కువకు ఎంతకైనా అమ్మొచ్చు. ఫలానా ధర కంటే తగ్గించొద్దని కంపెనీ కట్టడి చేయడాన్ని 2002 కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3(4)లో చెప్పారు. 2021 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ మారుతీ సుజుకీకి 200 కోట్ల జరిమానా వేసింది ఈ విషయంలోనే. డీలర్లు మితి దాటి డిస్కౌంట్ ఇవ్వకుండా అడ్డుకుందని. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. అయితే ఎంఓపీ పెట్టిన ప్రతిసారీ చట్టవిరుద్ధం అయిపోదు, దాని వల్ల మార్కెట్‌లో పోటీకి చెప్పుకోదగ్గ దెబ్బ తగిలిందని తేలాలి. హనుమకొండలో రెండు పియానోల కోసం మీరు ఢిల్లీ దాకా వెళ్లరు, ఆ సంగతి రెప్పుకూ తెలుసు. కానీ "సప్లై ఆపుతాం" అన్న మాట ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో పెట్టమని అడగండి. పెట్టరు. అక్కడితో ఆ బెదిరింపు చాలావరకు ఆగిపోతుంది.

ఆన్‌లైన్ వాడికి రూల్ లేదా అన్నారు. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్‌లు ధరల మీద ప్రభావం చూపకూడదని 2016 నుంచే రూల్ ఉంది. కానీ మానేరు అన్న చెప్పిన కేసులో ధర తగ్గించింది పోర్టల్ కాదు, మీలాంటి ఇంకో డీలరే. కాబట్టి అది ఇక్కడ పనికిరాదు.

గోదావరిఖని_బాస్ (గోదావరిఖని)

టీ చల్లారిపోయింది సార్ 😄 కానీ సేవ్ చేసుకున్నా.

సి_మేజర్ (కాజీపేట)

నేను కాజీపేటలో పియానో, కీబోర్డు నేర్పుతాను. టీచర్లకు కమిషన్ ఇవ్వందే గిరాకీ రాదన్న మాట చూసి రాస్తున్నాను.

ముందు 88 కీస్ ఎవరికి కావాలో చెప్తాను, ఎందుకంటే షాపుల్లో ఇది ఎవరూ అడగరు. ట్రినిటీ (లండన్ సంగీత కాలేజీ) గ్రేడ్ పరీక్షల్లో పియానో సిలబస్ వేరు, ఎలక్ట్రానిక్ కీబోర్డు సిలబస్ వేరు. కీబోర్డు సిలబస్‌లో ఎడమ చేత్తో కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాలు) పట్టుకుంటే ఆటో రిథమ్ వస్తుంది, టోన్లు మార్చాలి. ఆ పిల్లలకు 61 కీస్, టచ్ రెస్పాన్స్ (నొక్కిన బలాన్ని బట్టి శబ్దం మారడం) ఉన్నది బ్రహ్మాండంగా సరిపోతుంది. 88 వెయిటెడ్ కొనిపించారంటే చాలా మోడళ్లలో వాళ్లకు కావాల్సిన రిథమ్‌లు ఉండవు, డబ్బు దండగ. పియానో సిలబస్ పిల్లలకు దీనికి పూర్తిగా ఉల్టా. అసలు పియానో కీ దిగాలంటే 50 గ్రాముల చుట్టూ బరువు పడాలి, లోపల సుత్తి లేవాలి. తేలిక కీల మీద రెండేళ్లు నేర్చిన పిల్లకు పరీక్ష రోజు అసలు పియానో మీద వేళ్లు ఆడవు, మెల్లగా వాయించాల్సిన చోట శబ్దమే రాదు. షాపాయన "మీ పాప ఏ సిలబస్?" అని ఒక్క ప్రశ్న అడిగితే సగం తగాదాలు రావు.

కమిషన్ సంగతి. ఒక షాపు వాళ్లు నాకు కవరు పంపారు, వెనక్కి పంపేశాను. నేను ఏ మోడల్ చెప్పినా తల్లిదండ్రులు కొంటారు. ఆ నమ్మకానికి రేటు కడితే నేను రేపటి నుంచి టీచర్‌ని కాదు, ఏజెంట్‌ని. ఐదు శాతం నాకు ఇచ్చే బదులు ఆ ఐదు శాతం పిల్లకు తగ్గించండి.

కడెం_కాల్వ (నిర్మల్)

మేడమ్ మీరు మంచివారు, అందరూ మీలా ఉండరు. మా దగ్గర ఒక మాస్టారు స్టూడెంట్‌ను పంపే ముందే ఫోన్ చేసి తన వాటా చెప్తారు. ఇవ్వకపోతే ఆ స్టూడెంట్‌తో "ఆ షాపులో కీస్ బాలేవు" అంటారు. ఇంటి కిరాయి కట్టాలి కదా, ఇస్తున్నాం.

సి_మేజర్ (కాజీపేట)

ఆ వాటా చివరికి ఎవరి జేబులోంచి పోతుందండీ? పిల్ల తండ్రి జేబులోంచి. ఆయనే కదా రేపు ఆన్‌లైన్ ధర చూసి "షాపు వాళ్లు దోచుకుంటున్నారు" అనేది.

మానేరు_తీరం (కరీంనగర్)

మేడమ్ మాటతో నాది ఒక్క చోట తేడా. కవరు తప్పే. కానీ టీచర్ వచ్చి గంటసేపు నాలుగు పీసులు వాయించి, తల్లిదండ్రులకు వివరించి, ఇంట్లో సెట్ చేసి ఇస్తే ఆ శ్రమకు డబ్బు ఇవ్వడం తప్పెలా అవుతుంది? నేను బిల్లులో "డెమో, ఇన్‌స్టలేషన్" అని కస్టమర్‌కు కనపడేలా రాసి, టీచర్‌కు చెక్కు ఇస్తా. దాపరికం లేదు. చాటుగా ఇచ్చేదే లంచం అవుతుంది.

సి_మేజర్ (కాజీపేట)

కస్టమర్‌కు కనపడితే నాకు అభ్యంతరం లేదు. అది నిజంగా మంచి పద్ధతి.

నిర్వాహకుడు

షాపుల పేర్లు, టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాయకండి. పైన రెండు పోస్టులు తీసేశాను. రేట్లు కూడా ఉదాహరణగా మాత్రమే చెప్పండి.

రీడ్లమనిషి (మట్టెవాడ)

నేను అమ్మేవాణ్ని కాదు, బాగుచేసేవాణ్ని. హార్మోనియం రీడ్లతో మొదలుపెట్టాను, ఇప్పుడు నా బల్ల మీద పెట్టెల కంటే కీబోర్డులే ఎక్కువ. నల్లకీ తమ్ముడు మార్జిన్ ఎక్కడుందని వెతుకుతున్నాడు, నా బల్ల మీద ఉంది చూడు.

వచ్చే కీబోర్డుల్లో ఎక్కువ భాగం రెండు జబ్బులే. మొదటిది అడాప్టర్. పాత కాసియో మోడళ్లకు 9 వోల్టుల అడాప్టర్, దాని పిన్నులో మధ్యలో మైనస్ ఉంటుంది. యమహాకు 12 వోల్టులు, మధ్యలో ప్లస్. పిన్ను చూడటానికి రెండూ ఒకటే, రెండిట్లోనూ దూరుతుంది. అసలుది పోయిందని బజారులో వంద రూపాయలది కొని గుచ్చుతారు. అదృష్టం బాగుంటే ఫ్యూజో డయోడో పోతుంది. లేకపోతే బోర్డే. అడాప్టర్ మీద, కీబోర్డు వెనక ఒక గుండ్రం గీసి ప్లస్, మైనస్ బొమ్మ వేసి ఉంటుంది, అవి రెండూ కలవాలి. అమ్మేటప్పుడు ఆ బొమ్మ ఒక్క నిమిషం చూపించండి. ఇంకా మంచిది, కీబోర్డుతో పాటే ఒక మంచి స్పేర్ అడాప్టర్ అమ్మండి. అందులో మార్జిన్ పియానో మార్జిన్ కంటే నయం, వెతుకుతూ ఆన్‌లైన్‌కు ఎవడూ పోడు.

రెండోది, "ఒక కీ మాత్రం మెల్లగా నొక్కినా గట్టిగా అరుస్తోంది" అని తెస్తారు. ఒక్కో కీ కింద రబ్బరు బుడగలో రెండు నల్లటి కార్బన్ చుక్కలు ఉంటాయి. కీ దిగేటప్పుడు ముందు ఒకటి తగులుతుంది, తర్వాత రెండోది. ఆ రెండిటి మధ్య ఎంత సమయం పట్టిందో లెక్కపెట్టి, గట్టిగా కొట్టారా మెల్లగా కొట్టారా అని మెషీన్ తేల్చుకుంటుంది. మధ్యలో దుమ్మో, అగరుబత్తి నుసో, బొద్దింక గుడ్లో చేరితే ఆ లెక్క తప్పుతుంది. విప్పి, రబ్బరు పట్టీ తీసి, ఐసోప్రొపైల్‌తో తుడిస్తే కొత్తదానిలా వాయిస్తుంది. పని అంతా గంటే, ఖర్చు మాత్రం కూలీ తప్ప ఏమీ లేదు. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు సర్వీస్ సెంటర్ కోసం హైదరాబాద్ పంపాలి, ప్యాకింగ్, రవాణా, నెల రోజులు. మీ షాపులో ఒక బల్ల వేసి, కొన్నచోటుతో పనిలేకుండా ఎవరిదైనా బాగుచేస్తామని బోర్డు పెట్టండి. వాళ్లే మీ దగ్గరికి వస్తారు, వచ్చినప్పుడు స్టాండు, కవరు, పెడల్ మీ దగ్గరే కొంటారు.

పక్కా_కొనేవాడు (వరంగల్)

అన్నా, మా వాడి పియానోలో సరిగ్గా అదే, ఒక కీ అరుస్తోంది! మీ దగ్గరికి తేవచ్చా?

రీడ్లమనిషి (మట్టెవాడ)

వారంటీ ఉందా ఇంకా? ఉంటే నేను విప్పను, సీలు పోతే కంపెనీ వాళ్లు ఒప్పుకోరు. ముందు కంప్లైంట్ పెట్టండి. నిర్వాహకుడు ఒప్పుకుంటే ప్రైవేట్ మెసేజ్‌లో అడ్రస్ ఇస్తా.

స్టాఫ్‌రూమ్ (హనుమకొండ)

సంబంధం లేని ప్రశ్న అనుకోకండి. మా స్కూల్లో పాత అప్‌రైట్ పియానో ఒకటి ఉంది, నిజమైన తీగల పియానో. ఎప్పటిదో ఎవరికీ తెలియదు. బాగుచేయించి వాడుకోవచ్చా, అమ్మితే రేటు వస్తుందా? ఒక వ్యాపారి వచ్చి "పాత పియానోలకు లక్షల్లో పలుకుతుంది" అని చెప్పి, ముందు ట్యూనింగ్‌కు అడ్వాన్స్ అడిగాడు.

సి_మేజర్ (కాజీపేట)

అడ్వాన్స్ ఇవ్వకండి మేడమ్. పాతబడితే వయొలిన్‌కు విలువ పెరగొచ్చు గాని, మామూలు అప్‌రైట్‌కు అలా పెరగదు. అందులో దాదాపు 230 తీగలు ఉంటాయి, అన్నీ కలిపి లాగే బలం సుమారు 20 టన్నుల దాకా ఉంటుంది. ఆ తీగలు చుట్టిన పిన్నులు ఒక చెక్క పలకలో బిగించి ఉంటాయి. ఇక్కడ మేలో 44, 45 డిగ్రీలకు చెక్క ఎండుతుంది, జూలై వానకు ఉబ్బుతుంది. కొన్నేళ్లకు పిన్నులు వదులైపోతాయి, ఈరోజు శ్రుతి చేస్తే వారానికే జారిపోతుంది. ఎవరినైనా పిలిచి ముందు పిన్నులు గట్టిగా ఉన్నాయా, సౌండ్‌బోర్డు పగిలిందా అన్నది మాత్రం చూపించండి. చూసే ఫీజు వేరుగా ఇవ్వండి, చూసినవాళ్లకే కొనే అవకాశం ఇవ్వకండి.

రీడ్లమనిషి (మట్టెవాడ)

మేడమ్ చెప్పింది నిజం. ఇంకో మాట, కింది తలుపు తీసి టార్చి వేసి చూడండి. ఎలుకలు ఫెల్టు కొరికి గూడు పెట్టుకొని ఉంటాయి. నేను తీగల పియానో ముట్టుకోను, అది వేరే విద్య. హైదరాబాద్, సికింద్రాబాద్ వైపు చేసేవాళ్లు ఉన్నారు, రానుపోను ఖర్చు మీదే.

స్టాఫ్‌రూమ్ (హనుమకొండ)

చాలా థాంక్స్. అడ్వాన్స్ ఆపేస్తున్నాం. పిల్లలకు 88 డిజిటల్ కొనమని మా ప్రిన్సిపల్‌కు చెప్తాను, జీఎస్టీ బిల్లు, కొటేషన్ ఇచ్చేవాళ్లు కావాలి.

కడెం_కాల్వ (నిర్మల్)

ఉద్దెర గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. మా వైపు పెద్ద గిరాకీ చర్చిలదే. నవంబర్ వచ్చిందంటే క్వయర్‌కు కొత్త కీబోర్డు, మైకులు, స్పీకర్లు. నలుగురు పెద్దలు వస్తారు, మంచిగా బేరం చేస్తారు, సగం ఇచ్చి "క్రిస్మస్ చందాలు రాగానే ఇస్తాం" అంటారు. దేవుడి పని, కాదనలేం. కమిటీ మారిందంటే కొత్త కమిటీ "మాకు తెలియదు" అంటుంది. అయ్యప్ప భజన మండళ్లదీ అదే కథ, జనవరిలో జ్యోతి చూసి వచ్చాక గురుస్వామి ఫోన్ ఎత్తరు. డిస్ట్రిబ్యూటర్ మాత్రం 30 రోజులు దాటితే వడ్డీ వేస్తాడు. ఆన్‌లైన్ కంటే నన్ను తింటున్నది ఈ బాకీలే.

గోదావరిఖని_బాస్ (గోదావరిఖని)

ఇద్దరు పెద్దల పేరు మీద చెక్కులు రాయించుకో అన్నా, కమిటీ పేరు మీద కాదు. మేము అదే చేస్తున్నాం. ఇద్దరిలో ఒకరైనా మళ్లీ మళ్లీ బజారులో ఎదురవుతారు.

బిల్లుపుస్తకం (వరంగల్)

రెగ్యులర్‌లో ఉంటే ఇంకో నొప్పి ఉంది, ఉద్దెర బిల్లుకు కూడా జీఎస్టీ ఆ నెల లెక్కలోనే కట్టాలి. డబ్బు రాకముందే 18 శాతం మీ చేతి నుంచి పోతుంది. కాబట్టి అడ్వాన్స్ కనీసం పన్నుకైనా సరిపోయేలా తీసుకోండి.

మానేరు_తీరం (కరీంనగర్)

ఒకప్పుడు మాకు నమ్మకమైన సరుకు బెంగళూరు రాడెల్ శ్రుతి పెట్టెలు, ఎలక్ట్రానిక్ తాన్‌పురాలు. సంగీతం నేర్చుకునే ప్రతి ఇంటికీ ఒకటి పోయేది. ఇప్పుడు ఫోన్‌లో యాప్ వచ్చింది, పెట్టె అడిగేవాళ్లు అరుదు. కంపెనీ తప్పూ కాదు, ఆన్‌లైన్ షాపు తప్పూ కాదు. హార్మోనియం మాత్రం ఇప్పటికీ కదులుతోంది, తిత్తి ఊది వాయించే సుఖం ఫోన్‌లో రాదు. నల్లకీ తమ్ముడి నాన్నగారి సరుకే ఇవాళ్టికీ డెడ్ స్టాక్ కాలేదు, గమనించారా?

నల్లకీ_తెల్లకీ (హనుమకొండ)

అందరికీ ధన్యవాదాలు. ఈరోజు రెప్పు వచ్చాడు. పై స్లాబు కాగితం మీద రాసివ్వమన్నాను. "ఆఫీసులో అడిగి చెప్తా" అన్నాడు. అదేదో ముందే తెలిసిపోయింది.

కాబట్టి ఇలా అనుకుంటున్నా. రెండు వద్దు, ఒక్కటే తీసుకుంటా, అది అమ్మకానికి కాదు, అద్దెకు. గంటకు ఇంత అని. కాజీపేట, హనుమకొండలో పియానో సిలబస్ నేర్చుకుంటూ ఇంట్లో 61 మాత్రమే ఉన్న పిల్లలు పరీక్షకు ముందు వచ్చి వెయిటెడ్ కీస్ మీద ప్రాక్టీస్ చేసుకోవచ్చు. కొనాలనుకుంటే కట్టిన అద్దె రేటులో తగ్గిస్తా, ఆర్డర్ మీద తెప్పిస్తా. మోడల్ నంబర్ స్టిక్కర్ ఎంత మంది ఫోటో తీసుకున్నా నాకు బాధ లేదు. సి_మేజర్ మేడమ్, ఇది పిల్లలకు పనికొస్తుందా?

సి_మేజర్ (కాజీపేట)

పనికొస్తుంది. కానీ షాపు మధ్యలో, పక్కన ఎవరో డోలక్ వాయించి చూస్తుంటే కాదు. వెనక గది ఉందా? స్టూలు ఎత్తు మార్చుకునేది పెట్టండి, ఆరేళ్ల పిల్లకూ పదహారేళ్ల కుర్రాడికీ ఒకే ఎత్తు పనికిరాదు. పెడల్ కూడా తీగ ఊడిపోయే చిన్న ప్లాస్టిక్ స్విచ్ కాదు, జారకుండా నిలబడే గట్టి పెడల్ కావాలి. ఇవన్నీ ఉంటే నా స్టూడెంట్స్‌ను పంపిస్తా, కమిషన్ లేకుండా.

నల్లకీ_తెల్లకీ (హనుమకొండ)

వెనక గదిలో ఇప్పుడు నాన్న హార్మోనియం పెట్టెలు ఉన్నాయి, ఖాళీ చేస్తా. ఫ్యాన్ ఒకటి పెట్టిస్తా.

బిల్లుపుస్తకం (వరంగల్)

గంట అద్దెకు కూడా బిల్లు ఇవ్వండి. అది సర్వీసు కింద వస్తుంది, కాంపోజిషన్‌లో ఉంటే సర్వీసుకు పరిమితి ఉంది, అద్దె మొదలుపెట్టకముందే మీ ఆడిటర్‌ను అడగండి.

స్టాఫ్‌రూమ్ (హనుమకొండ)

నల్లకీ గారూ, స్కూల్‌కు కొటేషన్ మీరే ఇస్తారా? స్టాండు, స్టూలు, పెడల్, స్పేర్ అడాప్టర్ అన్నీ కలిపి ఒకే రేటు రాయండి. మా మేనేజ్‌మెంట్ మూడు కొటేషన్లు అడుగుతుంది, ఒకటి మీది.

నల్లకీ_తెల్లకీ (హనుమకొండ)

ఇస్తాను మేడమ్. సోమవారం పంపిస్తా. ఏ సిలబస్ పిల్లలో చెప్పండి ముందు.